లోపలి చుట్లు

దసరా నాటి పొద్దున, మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న ఊర్జానగర్ క్వార్టరు ముందు వసారాలో, ఎండ నేరుగా పడే చోట పీట వేసుకుని, రుక్కమ్మ తన మనుమరాలి కెమెరా తెరిచి లోపల తుడిచింది. మనుమరాలు విద్య పోయి అప్పటికి రెండు నెలలు. నాలుగు రోజులు డెంగీ జ్వరం, ఐదో రోజుకు మనిషి లేదు. ఇరవై మూడేళ్లు. ఏడాది తిరిగేదాకా ఇంట్లో పండుగ చేయరు కనుక గుమ్మానికి తోరణం కట్టలేదు, గడపకు పసుపు రాయలేదు. కానీ "పండుగ మనకు లేదు గని పనిముట్లకు లేకుంట పోతదా" అని ముసలామె పొద్దున్నే తలస్నానం చేసి, ఎప్పుడో పోయిన మొగుడి పార, ఆయన పద్మాపూర్ గనికి రాత్రి షిఫ్టుకు నడిచిపోయేటప్పుడు చేతపట్టిన మూడు బ్యాటరీల టార్చిలైటు, తన కుట్టుమిషను, కొడుకు సంజీవ్ పవర్ స్టేషనుకు తీసుకుపోయే పానాల సంచి, అన్నీ వరుసగా పేర్చుకుంది. కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గుపనికి వచ్చిన నాటి నుంచీ ఆమెకు ఒక పద్ధతి ఉంది. పైన తుడిచి లోపల వదిలేస్తే అది తుడిచినట్టు కాదు. టార్చి మూత తిప్పి బ్యాటరీలు తీసి లోపలి స్ప్రింగు తుడుస్తుంది, మిషను కింది పళ్లెం జరిపి పేరుకున్న నూలుపోగులు తీస్తుంది, అప్పుడుగానీ బొట్టు పెట్టదు. ఆ వరుసలో చివరన పిల్ల పనిముట్టు. కెమెరా పక్కనున్న బొడిపె తుడుస్తుంటే అది పైకి లేచి, వెనక తలుపు టక్కున తెరుచుకుంది. తెరుచుకుందంటే తెరిచి తుడవడానికే అనుకుంది రుక్కమ్మ. మెత్తని చీరముక్కతో లోపల ఒత్తింది. గోధుమరంగులో మెరుస్తున్న పట్టీ మీద పసుపు చుక్క, దానిమీద కుంకుమ చుక్క పెట్టింది. అగరుబత్తి తిప్పి, కళ్లు మూసుకుని చాలాసేపు దండం పెట్టుకుంది. కోడలు స్నేహలత వంటింట్లోంచి వచ్చి చూసేసరికి కెమెరా తలుపు బార్లా తెరుచుకుని ఎండలో పడి ఉంది.

అది రీలు కెమెరా. అందులో ఉన్నది విద్య తీస్తూ తీస్తూ సగంలో వదిలి వెళ్లిన రీలు, ఇంకా కడిగించనిది. స్నేహలత ఐదో తరగతికి చెప్పే టీచరు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లనూ మొద్దు అనలేదు. మాటను ముందు నోట్లోనే ఒకసారి తిప్పి చూసుకుని, ఎవరికీ గుచ్చుకోదనుకుంటేనే బయటపెట్టే మనిషి. ఆ రోజు తిప్పి చూసుకోలేదు. గొంతు మాత్రం పెంచలేదు. "అది ఒక్కసారే పోయిందనుకున్న. మీరు మల్ల సంపిన్రు, అత్తమ్మా." అంతే అంది. మీరు అనే మర్యాద కూడా తప్పలేదు. రుక్కమ్మ కుంకుమ అంటిన వేలును అట్లాగే ఎత్తి పట్టుకుని, కోడలి మొహంలోకి కాక ఆ వేలి వైపే చూసింది.

ఇప్పుడు జనవరి. ఆదివారం పొద్దున ఏడు దాటింది. పద్మాపూర్ గనిలోంచి తవ్వి పోసిన మట్టి ఏళ్ల తరబడి పేరుకుని గుట్టైన చోట, స్కూటీ కింద ఆపి, బండిబాట వెంట రెండో మలుపు దాకా ఎక్కి, స్నేహలత ఆ కెమెరా మెడలో వేసుకుని నిలబడి ఉంది. పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే కింద ఆపిన స్కూటీ కనబడటం లేదు. బాటకు రెండు వైపులా తుమ్మచెట్లు, సుబాబుల్ పొదలు. ఆ పొదల్లో ఎక్కడో ఆకుల మీంచి మంచునీరు బొట్టుబొట్టుగా రాలుతోంది, కానీ రాలే చప్పుడు ఒక లెక్కన లేదు; రెండు బొట్లు, ఆగి ఒకటి, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఏమీ లేనప్పుడే ఆమె పొదల వైపు తిరిగి చూస్తోంది. బాట మొదట్లో మరాఠీ బోర్డు ఉంది, ఇక్కడ పులి తిరుగుతున్నది, ఒంటరిగా నడవవద్దు అని. ఆ బోర్డు మీది మాటలే ఆమె ప్రతి ఏడూ తరగతిలో పిల్లల చేత చెప్పిస్తుంది. ఒంటరిగా పోవద్దు, చప్పుడు చేస్తూ నడవాలి, ఎక్కడా వంగి కూర్చోవద్దు, కూర్చున్న మనిషి దానికి జంతువులా కనిపిస్తుంది. నలభై మంది పిల్లలు ఒక్క గొంతుతో 'కూర్చోవద్దు' అంటుంటే కిటికీ రెక్కలు అదిరేవి. ఇప్పుడు ఆమె ఒంటరిగా వచ్చింది, చప్పుడు చేయకుండా ఎక్కింది. విద్య నోటుబుక్కులో ఈ చోటు గురించి రాసి ఉన్న మూడో మాట మాత్రం ఇంకా చేయలేకపోతోంది. 'మట్టిగుట్ట, రెండో మలుపు, తెల్లరాయి పక్కన కూర్చుని.' తెలుగు మాటలే, మరాఠీ అక్షరాల్లో. పిల్లకు తెలుగు రాయడం రాదు. నేర్పుతాను నేర్పుతానని అంటూనే ఇరవై మూడేళ్లు గడిచాయి.

పది గంటలకు ఫొటో స్టూడియో సతీష్ బస్సులో నాగపూర్ పోతాడు. ఈ రోజుల్లో రీలు కడిగేవాళ్లు చంద్రపూర్‌లో లేరు, నాగపూర్‌లో ఒక్కరున్నారు, సతీష్ మూణ్ణెల్లకోసారి పోతాడు. దసరా మర్నాడే ఆమె కెమెరాను దుప్పటిలో చుట్టుకుని అతని దగ్గరికి పరుగెత్తింది. అతను ఎండలోనా నీడలోనా అని అడిగాడు. ఎండలో అని చెప్పింది. ఎంతసేపు? దండం పెట్టుకున్నంతసేపు. సతీష్ చెవి గోక్కుని, "చెప్పలేం టీచర్. రీలు గుండ్రంగ చుట్టుకుంటది కద, పైచుట్లు పోయినయనుకోండ్రి. లోపలి చుట్లు ఉంటె ఉండొచ్చు. ముందుగాల తీసినయి లోపలుంటయి, ఆఖరుకు తీసినయి పైనుంటయి" అన్నాడు. తలుపు తెరిస్తే లెక్క చూపే ముల్లు కూడా మొదటికి పోతుందట, ఇంకా ఎన్ని ఫొటోలు మిగిలాయో కెమెరా చెప్పదట. నోటుబుక్కులో ఇరవై ఏడు దాకా రాసుంది, ఆ తర్వాత రాయలేదు. ముప్ఫై ఆరుకు తొమ్మిది తక్కువ. ఆ తొమ్మిదిలో విద్య ఎన్ని తీసిందో, ఎన్ని మిగిల్చిందో తెలియదు. ఉన్నదున్నట్టు ఇస్తే తీసుకుపోతానన్నాడు సతీష్. స్నేహలత వద్దంది. సగం రీలు కడిగించకూడదన్నది విద్య నియమం, పూర్తి చేసి ఇస్తానని చెప్పింది. చెప్పి, కెమెరాను బీరువాలో చీరల కింద పెట్టి, తాళం వేసి, మూడు నెలలు ఆ బీరువా వైపు వీపు పెట్టి పడుకుంది. రీలు పూర్తికాకపోతే కడిగించనక్కర్లేదు. కడిగించకపోతే పోయాయో ఉన్నాయో తెలియనక్కర్లేదు. తెలియనంతకాలం లోపలి చుట్టులో వంటింటి కిటికీ ఉన్నట్టే.

వంటింటి కిటికీతోనే మొదలుపెట్టింది పిల్ల. రీలు కొత్తగా ఎక్కించిన రోజు ఆమెను పొయ్యి దగ్గర్నుంచి పక్కకు జరిపి, గిన్నెల స్టాండు ముందు నిలబడి, కిటికీలోంచి చూస్తూ నిలుచుంది, తీయలేదు. రెండో రోజూ అంతే. పాలు పొంగుతున్నాయి జరగవే అంటే, "అమ్మా, మనం ఊటీ పోయినా కశ్మీర్ పోయినా అక్కడ వారం రోజులే గద ఉండేది. ఈ కిటికీకాడ నువ్వు పద్ధెనిమిదేండ్లు నిలవడ్డవ్. ఏం కనవడ్తది చెప్పు" అంది. స్నేహలత పవర్ స్టేషను పొగగొట్టాలు అంది. పిల్ల నవ్వలేదు. ఎన్ని? ఏ గొట్టం పొగ ఎటు పోతది? వానకాలంల ఎట్లుంటది? ఆమెకు తెలియలేదు. పద్ధెనిమిదేళ్లు ఆ కిటికీ దగ్గర ఆమె చూసింది పాలగిన్నెను, గడియారాన్ని. ఆ తర్వాత ఏడు రోజుల్లో ఏడు ఫొటోలు, రోజుకు ఒకటే. మొదటిదాంట్లో ఏముందో నోటుబుక్కులో ఉంది: 'కిటికీ, పొద్దున ఏడూ పది, పొగ నేల మీదికి వచ్చింది, అమ్మ వెనుక ఉంది.' వెనుక ఉంది అంటే ఫొటోలో లేదు. లేని సంగతి ఎందుకు రాసుకుందో. దూరం పోవాలంటే ముందు దగ్గర చూడటం నేర్చుకోవాలని ఎవరో చెప్పినట్టు కాదు, తనే కనిపెట్టినట్టు చెప్పేది. ఎక్కడ ఏం తీయాలో తోచనప్పుడు ఇంటికొచ్చి ఆ కిటికీ ముందు నిలబడి, చాయ తాగి, మళ్లీ పోయేది. ఇప్పుడు స్నేహలత ఆ కిటికీ తెరవదు. పొయ్యి ముందు గోడ వైపు చూస్తూ వండుతుంది.

కొండముచ్చు దగ్గినట్టు అరిచింది. ఒక్కసారే. గుట్ట మీదా కిందా తెలియలేదు. కొండముచ్చు అట్లా అరిస్తే దానికి పులి కనబడిందని ఈ ప్రాంతంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆమె వేళ్లు కెమెరా పట్టీని బిగించి పట్టుకున్నాయి, కాళ్లు కింది వైపు తిరిగాయి, తిరిగి ఆగిపోయాయి, ఎందుకంటే కింది వైపు కూడా మంచే, అటు కూడా పొదలే, అరుపు అటునుంచే వచ్చి ఉండవచ్చు. విద్య ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ ఇట్లాంటి అరుపు విన్నదా, విని కూడా కూర్చుందా. ఇంటికొచ్చి చెప్పలేదు. చెప్తే పంపేది కాదు గనుక చెప్పలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా మొదట చెప్పలేదు. స్నేహలత నిలబడే, కన్ను కెమెరాకు ఆనించి, ఏం కనబడుతోందో చూడకుండానే మీట నొక్కింది. చప్పుడు చిన్నదే, కానీ ఆ మంచులో గోడకు రాయి కొట్టినట్టు వినిపించింది. వెంటనే భయం ఆమెలో చోటు మారింది. పులి మీంచి పోయి బొటనవేలి కిందికి వచ్చింది. ఇప్పుడు రీలును ముందుకు జరిపే లీవరు తిప్పాలి. తేలిగ్గా వస్తే ఇంకా ఉంది. సగంలో ఆగితే రీలు అయిపోయినట్టు, బలవంతం చేస్తే తెగిపోతుందన్నాడు సతీష్. తిప్పింది. వచ్చింది. అది పూర్తిగా వచ్చేసరికి ఆమెకు ఊపిరి వచ్చింది. ఇంకా కాస్త ఉంది, ఇంకా తెలుసుకోనక్కర్లేదు.

బస్సులో కూడా ఇట్లాగే ఊపిరి బిగబట్టి కూర్చునేది ఆమె. జూన్‌లో తల్లీకూతుళ్లు కోర్పనా దగ్గరి స్నేహలత పుట్టింటికి పోయినప్పుడు విద్య పట్టుబట్టి ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. వర్ధా నది వంతెన మీద ఆమె కళ్లు మూసుకుంది. రాజురా దాటాక బొగ్గు లారీలు ఎదురొస్తుంటే కూతురి చేయి పట్టుకుంది. "అమ్మా, నువ్వు ఏ స్టాపు పోయిందో లెక్క పెడ్తవ్, బయటికి చూడవు" అంది పిల్ల. చూడమని చూపించింది. ఉప్పర్వాహి దాటాక సిమెంటు గనుల తెల్లరాయి దుమ్ము పడి ఎర్రబాట పాలపొడి చల్లినట్టుంది, దాని పక్కన నల్లరేగడిలో అప్పుడే మొలిచిన పత్తి, రెంటి మధ్య గీత గీసినట్టు. ఇక్కడే పుట్టి పెరిగిన స్నేహలతకు ఆ గీత అంతవరకు కనబడలేదు. విద్య బస్సు ఆపించింది, కండక్టరు తిట్టాడు, ఇద్దరూ దిగి మండుటెండలో మూడు కిలోమీటర్లు నడిచారు, కాళ్లు బొబ్బలెక్కాయి. పదిహేను నుంచి ఇరవై ఏడు దాకా నోటుబుక్కులో ఆ ప్రయాణమే. తన ఊరు, తన తండ్రి దున్నిన చేను, ఎడ్లు లేని కొట్టం, ఆమె బడికి పోయిన బాట. ఏది తీసినా ముందు ఆమెను అడిగింది, చిన్నప్పుడు ఇక్కడ నీకు భయమెక్కడ అయితుండె అని. భయమయ్యే చోట మనిషి బాగా చూస్తాడట. బాట మలుపులో బావి ఉంది, అక్కడ అని చెప్పింది. పిల్ల అక్కడ అరగంట కూర్చుంది. అవన్నీ పైచుట్లు. ఎండకు మొదట పోయేవి అవే.

"ఎవలు? ఎవలది ఆడ?"

గొంతు అంత దగ్గర్నుంచి వచ్చేసరికి స్నేహలత కెమెరాను రెండు చేతులతో గుండెకు అదుముకుంది. మంచులోంచి కట్టెల మోపు ముందు వచ్చింది, దాని కింద ఒక ముసలి మొహం, చేతిలో కొడవలి. గుట్ట వెనక బస్తీలో ఉండే ఆగమ్మ, రుక్కమ్మతో పాటు ఒకప్పుడు గని మీద తట్టలు మోసిన మనిషి.

"నేనే. టీచర్ను."

"ఓ, రుక్కక్క కోడలివా! నా పానం ఈడికొచ్చింది పో. పులి చీర కట్టుకొని నిలవడ్డదా అనుకున్న." మోపు దించకుండానే నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "ఒక్కతివే వచ్చినవా? అది వస్తె కూసోవెట్టి పాఠం చెప్తవా? మొన్న బేస్తారం గీ పొదలల్లకెల్లే మేకను ఎత్కపోయింది."

"మరి నువ్వు రాలేదా?"

"నాకు కట్టెల పొయ్యి ఉన్నది. నీకు గ్యాసున్నది గద." ఆగమ్మ కళ్లు కెమెరా మీద పడ్డాయి. గొంతు తగ్గింది. "ఆ పోరిదేనా? ఆమె గూడ గీ రాయికాన్నే కూసుంటుండె. ఇంటికి పోవే అంటె వినకపోయేది. ఒకనాడు అడిగింది, అవ్వా, నీకు ఈడ ఏ జాగ మంచిగనిపిస్తదని. మంచి జాగ కిందున్నది బిడ్డా, ఈ మట్టి కింద మా చేనున్నది అన్న. వాన ముసురు, ఏం కనవడ్తలేదు. అయినా టక్కున తీసింది. ఏం తీసినవే అంటె, నీ చేను అన్నది. పిచ్చి పోరి."

ఇది నోటుబుక్కులో లేదు. వాన ముసురు అంటే శ్రావణం ముందు, రాయని తొమ్మిదిలో ఒకటి. స్నేహలత ఏదో అడగబోయింది, కానీ ఆగమ్మ అప్పటికే వేరే సంగతిలోకి పోయింది.

"మీ అత్త మంచిగుంటలేదు గద. సంతల కలిసింది. జాంకాయ ఇయ్యవోతె చెయ్యి చాపలే, కొంగు వట్టింది. ఏందక్కా గిదంటె, నా చెయ్యి మంచిది కాదే ఆగీ, నా చేతులల్లనే పోయినయ్ అన్నీ అని ఏడ్సింది. ముసలిదాన్ని గంత మాట ఎవలన్నరమ్మా?"

పొదల్లో నీటిబొట్టు రాలింది. స్నేహలత చూపు కెమెరా మీదికి దించుకుంది. ఆగమ్మ ఆమె మొహం చూసింది, మోపు కింద మెడ తిప్పడం కష్టమైనా తిప్పి చూసింది, రెండోసారి అడగలేదు. "పొద్దెక్కినంక దిగు. చప్పుడు చేసుకుంట దిగు" అని బాట వెంట వెళ్లిపోయింది. ఆమె గాజుల చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత అదీ లేదు.

కొంగు పట్టింది. ఇంట్లో ఇది ఎవరి కంటా పడలేదనుకుంది స్నేహలత, చూడనిది తనే. దసరా తర్వాత ముసలామె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పింది. కూరగాయలు తరగదు, నీళ్ల బిందె ఎత్తదు, టీవీ రిమోటు ఎదురుగా ఉన్నా సంజీవ్ వచ్చేదాకా అట్లాగే కూర్చుంటుంది. మొదట్లో అది అలక అనుకుంది. మొదటి వారం, ఆ చేతులు కదలకుండా పడి ఉండటం చూస్తే ఆమెకు కాస్త ఊరటగా కూడా అనిపించింది, ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా ఇప్పుడే చెప్పుకుంటోంది. ఆ చేతులే విద్యకు పుట్టిన నాటి నుంచీ నూనె రాసి నీళ్లు పోసినవి. స్నేహలత బడికి పోతే పిల్లను చంకన వేసుకుని గడియారం చూడకుండా పెంచినవి. జ్వరం వచ్చిన నాలుగు రాత్రులూ తడిగుడ్డ పిండింది ఎవరు? ఆమె మందుల చీటీలు చదువుతూ, ప్లేట్‌లెట్ల అంకెలు రాసుకుంటూ కూర్చుంది, గుడ్డ పిండింది రుక్కమ్మ. కెమెరాకు బొట్టు పెట్టింది కూడా అదే చేయి. పిల్ల లేకపోయినా పిల్ల పని ఉందనుకున్న మనిషి ఇంట్లో ఆ ఒక్కతే. మరి తను మూడు నెలలుగా ఏం చేసింది? మనసులో ఒక బేరం పెట్టుకుంది. రీలు కడిగితే, లోపలి చుట్లు మిగిలి ఉంటే, ఆ ఫొటోలు తీసుకుపోయి అత్తమ్మ ముందు పెట్టి, పోలేదు, ఉన్నాయి అని చెప్పాలని. అప్పుడు ఆ మాట దానంతటదే రద్దవుతుందని. బీరువాకు తాళం వేసిన చేత్తోనే ఆ ముసలామెకూ తాళం వేసింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. రాత్రి రొట్టె ముక్క పాలలో వేసుకుని సగం తిని వదిలేస్తుంది. ఈ లోపల ఏమన్నా అయితే? ఆ మాట అట్లాగే ఉండిపోతే? పులి గురించి ఆమెకు ఇంత భయం వేయలేదు.

రెండో ఫొటో ఎప్పుడు నొక్కిందో ఆమెకు సరిగ్గా తెలియదు. ఆగమ్మ పోయిన వైపు, బాట మాయమైన చోటికి తిప్పి నొక్కింది. లీవరు వచ్చింది. తర్వాత తెల్లరాయి దగ్గరికి నడిచి, తరగతిలో నలభై గొంతుల చేత వద్దు అనిపించిన పని చేసింది. కూర్చుంది. వీపు పొదల వైపు. వీపంతా కళ్లైనట్టు, ఆ కళ్లన్నిటినీ గట్టిగా మూసుకున్నట్టు ఉంది. కూర్చుంటే పొగమంచు కింద ఒక సందు కనబడింది. నేలకూ మంచుకూ మధ్య జానెడు ఖాళీ. ఆ ఖాళీలోంచి చాలా దూరం, పొడవుగా, ఎండిన గడ్డి మొదళ్లు, లారీ చక్రాల గాట్లు, గుట్ట అంచు, దాని అవతల గని కార్మికుల పాత క్వార్టర్ల రేకుల వరస, మరీ చివర ఇంటి వైపు పొగగొట్టాల అడుగుభాగాలు మాత్రం, పైన ఏమీ లేకుండా. నిలబడినవాళ్లకు ఇది కనబడదు. విద్య దీనికోసమే కూర్చునేదా. ఇంత మాత్రానికి? గొట్టాలు ఎన్ని అని ఆమె మొదటిసారి లెక్కపెట్టింది, మధ్యలో తప్పింది, మళ్లీ మొదలుపెట్టలేదు. మీట నొక్కింది.

లీవరు సగం వచ్చి ఆగింది.

బొటనవేలు ఇంకాస్త తోయాలని చూసింది, తోయలేదు. అయిపోయింది. తను తీసినవి మూడు. తొమ్మిదికి మూడు పోతే ఆరు. చివరి రోజుల్లో పిల్ల చూసి, రాయకుండా వదిలినవి ఆరు. ఒకటి ఆగమ్మ చేను. ఇంకొకటి తనకు తెలుసు. జ్వరానికి ముందు రోజు పొద్దున, వాన పడుతుంటే, ఆమె గిన్నెలు కడుగుతుంటే, వెనక వసారాలో ఈ చప్పుడే అయింది. వెనక్కి తిరగలేదు. ఏం తీసినవే అని అడుగుదామనుకుని, బడికి ఆలస్యమవుతోందని అడగలేదు. ఆ ఆరూ రీలుకు పైచుట్టు. పసుపు కుంకుమ పడ్డది వాటి మీదే. వాటికి నాగపూర్ అక్కర్లేదు, సతీష్ అక్కర్లేదు, అవి లేవు. మూడు నెలలు తాళం వేసి దాచుకున్నది ఇదీ. తెలిసిపోయింది. తెలిసినా గుట్ట కూలలేదు, పొదల్లోంచి ఏదీ దూకలేదు, నీటిబొట్టు ఎప్పటిలాగే లెక్క తప్పి రాలింది.

కెమెరాను శాలువా కిందికి తీసుకుని, అడుగున ఉన్న చిన్న గుండీ నొక్కి, సతీష్ చూపించినట్టు పైన పిడి తిప్పడం మొదలుపెట్టింది. రీలు బరువుగా వెనక్కి వస్తోంది, లోపల సన్నగా గీసుకుంటున్న చప్పుడు. పైచుట్లు ముందు లోపలికి పోతున్నాయి, వాటి వెనక ఉప్పర్వాహి తెల్లబాట, బావి మలుపు, ఈ గుట్ట, చివరన కిటికీ. ఆ ఏడూ ఉంటే ఉండవచ్చు. అయితే వాటిని చూపించి అత్తమ్మకు చెప్పడమంటే, అవి ఉన్నాయి గనుక నీ తప్పు లేదని చెప్పడమే కదా. అవి కూడా పోయి ఉంటే? అప్పుడు ఆ మాట నిజమైపోతుందా? నాగపూర్ నుంచి జవాబు వచ్చాక నోరు విప్పితే అది తన మాట కాదు, రీలు చెప్పిన మాట అవుతుంది. పిల్లలకు ఫలితాలు చూసి మార్కులు వేయవచ్చు. దీనికట్లా కుదరదు. టక్కుమని పిడి తేలికైంది. రీలంతా దాని డబ్బీలోకి చేరింది, ఇక తలుపు తెరిచినా ఏమీ కాదు. ఆమె తెరవలేదు.

ఫోను తీసి ఇంటికి కలిపింది. సంజీవ్ మొదటి షిఫ్టులో ఉన్నాడు, ఇంట్లో ముసలామె ఒక్కతే. ఇంటి ఫోను ముందుగదిలో గూట్లో ఉంటుంది, రుక్కమ్మ కూర్చునే చాపకు చేతిదూరం. మోగింది. ఏం చెప్పాలో నోట్లో తిప్పి చూసుకోలేదు, ఎత్తగానే ఏది వస్తే అది అనుకుంది. మోగుతూనే ఉంది. మోగుతున్న ఫోను వైపు చూస్తూ, చేతులు ఒళ్లో పెట్టుకుని, ముట్టుకోకుండా కూర్చున్న మనిషి కనబడింది ఆమెకు. వెంటనే ఇంకొకటి కూడా కనబడింది, చాప మీద పక్కకు ఒరిగిన మనిషి. ఇక్కడినుంచి ఆ రెంటిలో ఏదో తెలియదు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కలిపింది. మళ్లీ ఆగింది. మూడోసారి కలిపి ఫోను చెవికి అట్లాగే పెట్టుకుని బాట దిగింది, చప్పుడు చేయాలన్నది మరిచిపోయింది, వెనక్కి చూడటం కూడా. స్కూటీ సీటు మంచుకు తడిసి ఉంది. రోడ్డు మీద కుడివైపు బస్‌స్టాండు, ఎడమవైపు ఊర్జానగర్. ఎనిమిదింపావు అయింది. బండి ఎడమవైపు తిప్పింది.

రీలు ఇంకా కెమెరాలోనే ఉంది, సతీష్‌కు ఇవ్వలేదు. ఆ రోజు అన్న మాట తప్పని రుక్కమ్మకు ఇంకా చెప్పలేదు.